యంత్రం బయట ఉండాల్సిన చిట్టా

కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రాములున్నాయో, ఏ ఫైళ్లున్నాయో తెలియాలంటే ఆ కంప్యూటర్‌నే అడగొచ్చు. రెండు క్లిక్కులు చాలు, జాబితా తెర మీదికి వస్తుంది. అలాంటప్పుడు దాన్ని ప్రింటు తీసి బీరువాలో దాచుకోవడం ఎందుకని చాలామంది అడుగుతారు. పాతకాలం గుమస్తాల అలవాటుగా దాన్ని కొట్టిపారేస్తారు కూడా. కానీ కంప్యూటర్ల చరిత్రను వరుసగా చూసుకుంటూ వస్తే ఈ అలవాటు వెనక గట్టి కారణం కనిపిస్తుంది. గిడ్డంగిలో సరుకెంత ఉందో చెప్పే స్టాకు రిజిస్టరును గిడ్డంగిలోనే, అదే తాళం కింద పెడితే, గిడ్డంగి కాలిన రోజున రిజిస్టరూ కాలిపోతుంది. గిడ్డంగి కాపలాదారే దొంగయితే రిజిస్టరూ అతని చేతిలోనే ఉంటుంది. కంప్యూటర్ విషయంలోనూ ఇంతే. తన లోపల ఏముందో యంత్రం చెప్పే మాటను సరిచూడటానికి, యంత్రం మీద ఆధారపడని నకలు ఒకటి బయట ఉండాలి. గత అరవై ఏళ్లలో ఈ జాబితా రూపం ఎన్నోసార్లు మారింది. దాని అవసరం మాత్రం ఒక్క తరంలోనూ తీరిపోలేదు. ఇక అక్కర్లేదని అనుకున్న ప్రతిసారీ ఏదో ఒక పెద్ద దెబ్బ తగిలి, మళ్లీ ఆ జాబితా కోసమే వెతుక్కోవాల్సి వచ్చింది.

మొదట్లో ఈ సమస్యే లేదు. 1950లలో ప్రోగ్రామంటే పంచ్ కార్డుల కట్ట. కార్డులు చేజారి చెదిరిపోతే మళ్లీ వరుసలో పేర్చుకోవడానికి వీలుగా కట్ట అంచు మీద ఏటవాలుగా ఒక గీత గీసి పెట్టుకునేవారు. ఫలానా ప్రోగ్రాము ఎక్కడుందంటే సొరుగు లాగి చూపించేవారు. 1956లో ఐబీఎం తెచ్చిన రామాక్ యంత్రంతో ఈ పరిస్థితి మారడం మొదలైంది. 24 అంగుళాల వెడల్పున్న 50 పళ్లేల మీద అది 50 లక్షల అక్షరాలు దాచేది. సమాచారం కంటికి ఆనని అయస్కాంతపు చుక్కలైపోయింది. 1962లో విప్పి తీసుకునే డిస్క్ ప్యాకులు వచ్చాయి. 1964లో ఐబీఎం సిస్టమ్/360 కంప్యూటర్లతో పాటు ప్రకటించిన 2311 డ్రైవులో ఒక్కో ప్యాకు 72.5 లక్షల బైట్లు పట్టేది. అరలో వరుసగా పేర్చిన ప్యాకుల్లో ఏ ప్యాకులో ఏముందో పైన అంటించిన చీటీ తప్ప చెప్పే దిక్కు లేదు. అసలు పట్టిక ప్యాకు లోపలే ఉండేది. వాల్యూమ్ టేబుల్ ఆఫ్ కంటెంట్స్ అనే ఆ పట్టికను వీటాక్ అని పొట్టిగా పిలిచేవారు. దాన్ని చదవాలంటే ప్యాకును డ్రైవుకు ఎక్కించాలి, డ్రైవు ఖాళీ లేకపోతే ఆగాలి. అందుకే సిస్టమ్/360 ఆపరేటింగ్ సిస్టమ్ అయిన ఓఎస్/360లో ఐఈహెచ్‌లిస్ట్ అనే యుటిలిటీని ఐబీఎం ఇచ్చింది. దాని పనల్లా డిస్క్ మీది పట్టికను చదివి ప్రింటరుకు పంపడం. మొత్తం ప్యాకు పట్టిక కావాలంటే ఒక ఆదేశం, ఒకే డేటాసెట్ లోపల ఇమిడి ఉన్న ప్రోగ్రాముల పేర్లు కావాలంటే ఇంకో ఆదేశం. నిమిషానికి 600 వరుసల వేగంతో, వరుసకు 132 అక్షరాలు కొట్టే 1403 ప్రింటరు మీద ఆ జాబితాలు మడతల కాగితంగా బయటికి వచ్చేవి. ఇలాంటి పనికి తయారీదారే ప్రత్యేకంగా ఒక ప్రోగ్రాము రాసి ఆపరేటింగ్ సిస్టమ్‌తో కలిపి ఇచ్చాడంటే, జాబితా బయట ఉండాలన్నది అప్పటికే ఆ రంగంలో సాధారణ జ్ఞానమన్నమాట.

ఒకే యంత్రాన్ని పలువురు ఒకేసారి వాడుకునే పద్ధతి వచ్చాక జాబితా ప్రతి వాడుకరి చేతిలోకీ వచ్చింది. ఎంఐటీలో ఫెర్నాండో కార్బాటో నాయకత్వంలో తయారై, 1961 నవంబరులో తొలిసారి ప్రదర్శించిన సీటీఎస్ఎస్‌లో ఎవరి ఫైళ్లు వారికి విడిగా ఉండేవి. లిస్ట్‌ఎఫ్ అనే ఆదేశం ఇస్తే ఆ ఫైళ్ల పట్టిక వచ్చేది. అదే దారిలో 1971 నవంబరు నాటి యూనిక్స్ తొలి మాన్యువల్‌లో ఎల్‌ఎస్ అనే ఆదేశం కనిపిస్తుంది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ రోజుల్లో టెర్మినల్ అంటే చాలాచోట్ల తెర కాదు, టైపురైటరు లాంటి టెలిటైప్. మోడల్ 33 టెలిటైప్ సెకనుకు పది అక్షరాలు కాగితం మీద కొట్టేది. కాబట్టి జాబితా అడగడం, ప్రింటు తీయడం రెండూ ఒకే పని. అడిగిన ప్రతి జాబితా ఊరికే కాగితమై మిగిలేది. తెరలు వచ్చాక ఈ రెండు పనులు విడిపోయాయి. చూసిన జాబితా పైకి జరిగి మాయమైపోవడం, దాచుకోవాలంటే విడిగా ఇంకో ఆదేశం ఇవ్వాల్సి రావడం అప్పుడే మొదలైంది. యూనిక్స్ తొలి మాన్యువల్‌లోనే ఉన్న పీఆర్ అనే ఆదేశం కూడా చెప్పుకోదగ్గది. ఫైలును ప్రింటుకు సిద్ధం చేసేటప్పుడు అది ప్రతి పేజీ పైన తేదీ, ఫైలు పేరు, పేజీ సంఖ్య వేసేది. తేదీ లేని జాబితాకు సాక్ష్యం విలువ ఉండదని దాన్ని రాసినవాళ్లకు బాగా తెలుసు.

కాగితానికి ప్రమాదం లేదని చెప్పడం మాత్రం అబద్ధమే అవుతుంది. ఆ తొలినాళ్ల నుంచే దానికి ఒక ఉదాహరణ ఉంది. 1962లో ఎంఐటీలో పరిశోధన విద్యార్థిగా ఉన్న అలన్ షెర్‌కు సీటీఎస్ఎస్‌లో కేటాయించిన సమయం చాలలేదు. ఫైళ్లను ప్రింటు తీయించుకోవడానికి అప్పట్లో ఒక దారి ఉండేది. ఖాతా సంఖ్య, ఫైలు పేరు ఉన్న పంచ్ కార్డు ఇస్తే చాలు, ప్రింటు చేసి పెట్టేవారు. ఆయన పాస్‌వర్డుల ఫైలు పేరుతో కార్డు ఇచ్చి, ఆ ప్రింటౌట్‌ను ఎవరూ రాకముందే వెళ్లి తీసుకున్నాడు. అందరి పాస్‌వర్డులూ ఆయన చేతికొచ్చాయి. ఈ సంగతిని చాలా ఏళ్ల తరవాత ఆయనే బయటపెట్టాడు. యంత్రం లోపల ఎంత కాపలా పెట్టినా, కాగితం మీదికి దిగిన మరుక్షణం ఆ కాపలా పనిచేయదని దీంతో తేలిపోయింది. ప్రింటు జాబితాలకు వ్యతిరేకంగా చెప్పే వాదనల్లో ఇది బలమైనది, దీనికి జవాబు చెప్పాల్సిందే. అయితే షెర్ తీసుకున్నది పాస్‌వర్డుల ఫైలులోని సమాచారం. ఏ ఫైళ్లున్నాయో చెప్పే పట్టిక వేరు, వాటిలో ఏముందో చెప్పే కాగితం వేరు. పట్టిక కూడా దొంగకు కొంత దారి చూపిస్తుంది, నిజమే. పాత వెర్షన్ ప్రోగ్రాము ఏ యంత్రంలో ఉందో తెలిస్తే ఎక్కడ దెబ్బ కొట్టాలో అతనికి తెలిసిపోతుంది. కాబట్టి దాన్ని ఖాతా పుస్తకాలతో సమానంగా తాళం వేసి ఉంచాలి. తాళం వేయాల్సిన కాగితమని చెప్పి అసలు కాగితమే వద్దనుకోవడం సరైన తీర్పు కాదు.

ఈ అలవాటు సామాన్యుల టేబుళ్ల మీదికి వచ్చింది ఫ్లాపీల కాలంలో. 1974లో గారీ కిల్డాల్ తయారుచేసిన సీపీ/ఎం ఆపరేటింగ్ సిస్టమ్‌లో, ఫైళ్ల జాబితా చూపించే డిఐఆర్ ఆదేశం ఉంది. కంట్రోల్, పి మీటలు కలిపి నొక్కితే తెర మీదికి వచ్చేదంతా ప్రింటరుకూ వెళ్లేది. ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలు, చివరి తోకకు (ఎక్స్‌టెన్షన్‌కు) మూడు. 1981లో వచ్చిన డాస్ అదే డిఐఆర్‌ను తీసుకుని ఫైలు పేరు పక్కన తేదీని కూడా చేర్చింది. 1983 నాటి డాస్ 2.0తో ఫోల్డర్ల లోపల ఫోల్డర్లు వచ్చాయి. ఆదేశం చివర బాణం గుర్తు పెట్టి పీఆర్‌ఎన్ అని రాస్తే జాబితా నేరుగా ప్రింటరుకు వెళ్లే వీలూ వచ్చింది. 360 కిలోబైట్ల ఫ్లాపీ ప్రధాన పట్టికలో 112 పేర్లకే చోటు. మామూలు కాగితం మీద పేజీకి 66 వరుసలు కాబట్టి నిండు ఫ్లాపీ జాబితా రెండు పేజీలు దాటదు. డాట్ మాట్రిక్స్ ప్రింటరును సన్నటి అక్షరాలకు మార్చి, జాబితాను ఇరుకుగా కొట్టించి, కత్తిరించి, మడిచి ఫ్లాపీ కవరులోనే దోపడం అప్పట్లో మామూలు పని. ఫ్లాపీని డ్రైవులో పెట్టకుండానే అందులో ఏముందో తెలిసేది; ఫ్లాపీ చెడిపోతే ఏం పోయిందో ఆ చీటీ చెప్పేది. లేజర్ ప్రింటర్లు వచ్చాక ఇదే పనికి చిన్న చిక్కు ఎదురైంది. పేజీ పూర్తిగా నిండితే తప్ప అవి కాగితాన్ని బయటికి వదలవు. చివరి సగం పేజీ ప్రింటరు పొట్టలోనే ఉండిపోయేది. దాన్ని బయటికి నెట్టడానికి ఫామ్ ఫీడ్ అనే గుర్తును విడిగా పంపాల్సి వచ్చేది. ఇంత ఇబ్బంది పడి కూడా జనం ఈ పని మానలేదంటే దాని ఉపయోగం వారికి రోజూ అనుభవంలో ఉన్నదే.

1995 ఆగస్టులో విండోస్ 95 వచ్చాక ఫైళ్ల జాబితా, ప్రోగ్రాముల జాబితా రెండు వేర్వేరు సంగతులైపోయాయి. డాస్ రోజుల్లో ప్రోగ్రామంటే ఒక ఫోల్డరు. ఫోల్డరు కనబడితే ప్రోగ్రాము ఉన్నట్టే. ఇప్పుడు ఒక ప్రోగ్రాము తన ఫైళ్లను నాలుగైదు చోట్ల పెట్టి, విండోస్ తన అమరికలు దాచుకునే రిజిస్ట్రీలో అన్‌ఇన్‌స్టాల్ అనే అరలో తన పేరు రాసుకుంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో కనిపించే ప్రోగ్రాముల జాబితా ఆ అర నుంచి వచ్చేదే. అంటే అది ప్రోగ్రాములు తమ గురించి తాము ఇచ్చుకున్న వాంగ్మూలం. ఇన్‌స్టాలర్ లేకుండా కాపీ చేసి వాడే ప్రోగ్రాము అందులో కనబడదు. ఫైళ్లన్నీ చెరిపేసినా రిజిస్ట్రీలో పేరు మిగిలితే లేని ప్రోగ్రాము ఉన్నట్టు కనబడుతుంది. ఇంత అవసరమైన చోట ఫోల్డరు జాబితాను ప్రింటు చేసే మీట మాత్రం విండోస్‌లో పెట్టలేదు. అడిగేవాళ్లు ఎక్కువై కాబోలు, ఆ సౌకర్యాన్ని ఎవరికి వారే చేర్చుకునే పద్ధతిని మైక్రోసాఫ్టే తన సహాయ పత్రాల్లో ప్రచురించింది. అందులో చెప్పింది నాలుగైదు వరుసల బ్యాచ్ ఫైలు. పాత డిఐఆర్ జాబితాను తాత్కాలిక ఫైలులో పోసి, నోట్‌ప్యాడ్‌తో ప్రింటు చేయించి, ఆ తాత్కాలిక ఫైలును చెరిపేస్తుంది. తెర మీద ఎన్ని హంగులు వచ్చినా, కాగితం కావాల్సి వచ్చేసరికి 1970ల నాటి ఆదేశమే దిక్కయింది. లినక్స్ వైపు 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్ ఇంతకంటే మంచి దారి పట్టింది. దాని డీపీకేజీ ఏ ఫైలు ఏ ప్యాకేజీదో లెక్క రాసుకుంటుంది. అది ఇచ్చే ప్యాకేజీల జాబితాను దాచుకుంటే, కొత్త యంత్రానికి దాన్నే తిరిగి ఇచ్చి అవే ప్రోగ్రాములను మళ్లీ దించుకోవచ్చు. జాబితా యంత్రాన్ని మళ్లీ కట్టే కొలతల పత్రం కూడా అయిందక్కడ.

ఇలాంటి జాబితాలు లేకపోతే ఎంత ఖర్చవుతుందో ప్రపంచానికి మొదటిసారి పెద్ద ఎత్తున తెలిసింది వైటూకే సమయంలో. సంవత్సరాన్ని రెండు అంకెలతో రాసిన ప్రోగ్రాములు 2000 వచ్చేసరికి లెక్క తప్పుతాయన్నది అందరికీ తెలిసిన కథ. కానీ ఆ ప్రోగ్రాములు ఎక్కడెక్కడ ఉన్నాయన్నది చాలా సంస్థలకు తెలియదు. అమెరికా ప్రభుత్వ లెక్కల పరిశీలన సంస్థ 1997లో ఇచ్చిన మార్గదర్శిలో ఈ పనిని ఐదు దశలుగా విడదీసింది: అవగాహన, అంచనా, సవరణ, పరీక్ష, అమలు. రెండో దశలో చేయాల్సిన మూలపని సంస్థలోని సిస్టమ్‌లన్నిటి జాబితా రాయడం. నడుస్తున్న ప్రోగ్రాముకు సోర్స్ కోడ్ దొరకకపోవడం, దొరికిన సోర్స్ నడుస్తున్న ప్రోగ్రాముదేనా అని తేలకపోవడం ఆ దశలో ఎదురైన చిక్కులు. తెలుగువాళ్లకు ఈ కథతో నేరుగా సంబంధముంది. హైదరాబాద్‌లో సత్యం లాంటి కంపెనీలు ఈ పనితో పెరిగాయి. అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లలో కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకున్న వేలమంది ఈ పని మీదే అమెరికా విమానమెక్కారు. వాళ్లు చేసింది కోడులో రెండంకెలను నాలుగు చేయడమేనని అనుకుంటాం. అంతకుముందు మెయిన్‌ఫ్రేమ్ లైబ్రరీల జాబితాలను ముందేసుకుని, ఏ ప్రోగ్రాము దేన్ని పిలుస్తోందో, ఏ ఫైలును ఎవరు చదువుతున్నారో ఒక్కొక్కటే సరిచూసే పనీ అందులో ఉంది. ముప్పై ఏళ్లుగా ఎవరూ సరిగ్గా రాయని చిట్టాను ఆ తరం కూర్చుని రాసింది. తెలుగు నేల మీద వేల కుటుంబాల తలరాత మార్చిన ఆ ఉద్యోగాల్లో కొంత భాగం, జాబితా రాసిపెట్టుకోని అశ్రద్ధ నుంచి పుట్టిందే.

వైటూకే చూపించింది మరిచిపోవడాన్ని. 2005 అక్టోబరు 31న బయటపడింది అంతకన్నా ఘోరమైనది. సోనీ బీఎంజీ అమ్మిన కొన్ని మ్యూజిక్ సీడీలను కంప్యూటర్‌లో పెడితే, కాపీ చేయకుండా అడ్డుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి లోపలికి చేరేది. పేరు ముందు ఒక ప్రత్యేక గుర్తు ఉన్న ప్రతి ఫైలునూ అది విండోస్ జాబితాల నుంచి దాచేసేది. డిఐఆర్ కొట్టినా, ఎక్స్‌ప్లోరర్ తెరిచినా ఆ ఫైళ్లు లేనట్టే ఉండేది. కొద్ది రోజుల్లోనే వైరస్ రాసేవాళ్లు కూడా తమ ఫైళ్లకు అదే గుర్తు పెట్టి ఆ నీడలో దాక్కోవడం మొదలుపెట్టారు. దీన్ని పట్టుకున్న మార్క్ రుసినోవిచ్ వాడిన పద్ధతిలోనే ఈ వ్యాసం చెప్పదలచుకున్న సంగతంతా ఉంది. ఆయన పనిముట్టు రూట్‌కిట్ రివీలర్ రెండు జాబితాలు తయారుచేస్తుంది. ఒకటి విండోస్‌ను అడిగితే వచ్చేది, రెండోది డిస్క్‌ను నేరుగా చదివితే వచ్చేది. రెంటికీ తేడా వస్తే ఎవరో దాస్తున్నట్టు. ఒక్క జాబితాతో ఎవరినీ పట్టుకోలేం. ఆ యంత్రం చేతిలో లేని రెండో జాబితా కావాలి. 1992లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో జీన్ కిమ్, జీన్ స్పాఫర్డ్ తయారుచేసిన ట్రిప్‌వైర్‌దీ ఇదే సూత్రం. శుభ్రంగా ఉన్న రోజున ఫైళ్లన్నిటి పట్టికనూ, వాటి గుర్తు సంఖ్యలనూ రాసిపెట్టి, తరవాత ఎప్పటికప్పుడు పోల్చిచూడాలి. ఆ మొదటి పట్టికను ఎవరూ దిద్దలేని మాధ్యమంలో ఉంచమని వాళ్లు గట్టిగా చెప్పారు. చొరబడినవాడికి యంత్రం మొత్తం లొంగిపోవచ్చు, కాని బీరువాలో ఉన్న కాగితం లొంగదు.

ఇక అభ్యంతరాలు. ప్రింటు తీసిన మరునాడే జాబితా పాతబడిపోతుందంటారు. పాతబడుతుంది, దాని విలువ కూడా అక్కడే ఉంది. నిన్నటి స్థితి తెలిస్తేనే నేడు ఏం మారిందో చెప్పగలం. తేదీ వేసిన పాత జాబితా పోల్చడానికి పనికొస్తుంది. ఎప్పటికప్పుడు మారిపోయే తెర మీది జాబితా ఆ పనికి పనికిరాదు. రెండో అభ్యంతరం పరిమాణం. ఇవాళ్టి కంప్యూటర్‌లో లక్షకు పైగా ఫైళ్లుంటాయి. పేజీకి 66 చొప్పున వేసినా లక్ష పేర్లకు పదిహేను వందలకు పైగా పేజీలు, అంటే మూడు రీముల కాగితం. ఇది పూర్తిగా న్యాయమైన మాట. ఫైళ్లన్నిటినీ ప్రింటు తీయమనడం తెలివి కాదు. ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లను తిరిగి దించుకోవచ్చు. మనం పేరుపేరునా గుర్తుంచుకోవాల్సింది మన పని ఫోల్డర్లు, వేసుకున్న ప్రోగ్రాములు, వాటి వెర్షన్లు, లైసెన్సులు. అవి మామూలుగా కొద్ది పేజీల్లో సరిపోతాయి. మిగతా పెద్ద జాబితా టెక్స్ట్ ఫైలుగా, ఆ యంత్రానికి తగిలించని డ్రైవులో ఉంటే చాలు. మూడో మాట, బ్యాకప్ ఉండగా జాబితా ఎందుకని. బ్యాకప్‌లో అన్నీ ఉన్నాయో లేదో సరిచూడాలన్నా ఏవేవి ఉండాలో చెప్పే చిట్టా కావాలి. 2016 నాటి లాకీ లాంటి రాన్సమ్‌వేర్‌లు ఫైళ్లకు తాళం వేయడంతో ఆగకుండా పేర్లను కూడా అర్థంకాని అక్షరాలు, అంకెల వరుసలుగా మార్చేశాయి. ఏం పోయిందో చెప్పుకోవడానికి పేరైనా మిగలని స్థితి అది. 2017 మే నెలలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని కుదిపినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారినపడినట్టు వార్తలొచ్చాయి. ఆ దాడిని ఆపే సవరణను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో విడుదల చేసింది. ఏ యంత్రంలో ఏ వెర్షన్ ఉంది, ఏ సవరణ పడింది అన్న జాబితా చేతిలో ఉన్న చోట ఆ రెండు నెలలు పనికొస్తాయి. లేని చోట వృథా అవుతాయి.

ఈ రంగమే ఇప్పుడు ఈ వాదనను ఒప్పుకుంది. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే చిన్న లైబ్రరీలో ప్రమాదకరమైన లోపం బయటపడినప్పుడు, లోపం ఏమిటో గంటల్లో తెలిసింది కాని, అది తమ సాఫ్ట్‌వేర్‌లలో ఎక్కడుందో సంస్థలకు వెంటనే తెలియలేదు. వేరే ప్రోగ్రాముల కడుపులో ఇమిడిపోయిన ఆ లైబ్రరీ ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాముల జాబితాలో కనబడదు. అదే ఏడాది మే నెలలో అమెరికా అధ్యక్షుడు ఇచ్చిన ఉత్తర్వు, ప్రభుత్వానికి అమ్మే సాఫ్ట్‌వేర్‌తో పాటు అందులోని భాగాల జాబితాను కూడా ఇచ్చే పద్ధతికి దారి వేసింది. ఆ తరహా జాబితాల మీద మన దేశ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2024లో మార్గదర్శకాలు ఇచ్చింది. భద్రతా నిపుణులు పాటించే సీఐఎస్ నియమాల్లో మొదటి రెండూ యంత్రాల జాబితా, సాఫ్ట్‌వేర్ జాబితా కావడం కూడా ఊరికే కాదు. ఫైర్‌వాల్, యాంటీవైరస్ అన్నీ ఆ తరవాతే. కాగితం నుంచి టెక్స్ట్ ఫైలుకు, అక్కడి నుంచి ఇంకో యంత్రం చదివే పత్రానికి రూపం మారింది తప్ప, అడుగుతున్నది 1960లలో ఐఈహెచ్‌లిస్ట్ ఇచ్చినదాన్నే.

కాబట్టి చిన్న కార్యాలయమైనా, బడి అయినా, ఇంట్లో ఒక్క కంప్యూటర్ అయినా చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ప్రోగ్రాముల పేర్లు, వెర్షన్లు, ముఖ్యమైన ఫోల్డర్ల పట్టిక తీసి, పైన తేదీ, యంత్రం పేరు వేసి, ఒక నకలు కాగితం మీద, ఇంకోటి విడి డ్రైవులో ఉంచాలి. పెద్ద మార్పు చేసిన ప్రతిసారీ కొత్తది తీయాలి, పాతదాన్ని పారేయకూడదు. పాస్‌వర్డులు, లైసెన్సు కోడులు అందులో రాస్తే దాన్ని నగదు పెట్టెలో ఉంచినట్టే ఉంచాలి. ఈ పనికి ఎవరూ మెచ్చుకోరు, ఏ రోజూ లాభం కనబడదు. యంత్రం మొరాయించిన రోజున, మోసం చేసిన రోజున, అందులో ఏముండేదో మన జ్ఞాపకాన్ని కాక రాతను అడగగలిగినప్పుడు దాని విలువ తెలుస్తుంది. తనకు తెలియకుండానే లక్ష ఫైళ్ల గిడ్డంగికి యజమాని అయిన ప్రతి మనిషికీ, ఆ గిడ్డంగి చిట్టా తన చేతిలో ఉండటం హక్కు, బాధ్యత కూడా.